పాత కన్నాల్లో కొత్త దారం

తపాలా ఆఫీసు గోడకీ కోర్టు గేటుకీ మధ్య పన్నెండడుగుల జాగా ఉంది. అందులో ఆరడుగులు టైపు మిషన్ల వాళ్ళు ఆక్రమించుకున్నారు. మూడడుగులు స్టాంపు కాగితాలమ్మే ఆయనవి. మిగిలిన మూడడుగులూ దబ్బనం పిన్నివి. అసలు పేరేమిటని అడిగితే ఆవిడే ఒక్క క్షణం తడుముకోవాలి. ఇరవై రెండేళ్ళుగా జడ్జిల కారు డ్రైవర్ల దగ్గర్నుంచి జేబుదొంగల దాకా అందరికీ ఆవిడ దబ్బనం పిన్నే.

ఆవిడ పని పార్శిళ్ళు కుట్టడం. దూరాలకి పోయే సామానుకి కోరా గుడ్డ చుట్టి, అంచులు మడిచి, మైనం పట్టించిన దారంతో బిగించడం. ఇంతేనా అంటారు చూసినవాళ్ళు. ఇంతేనా అన్నవాళ్ళు కుట్టిన మూట రెండు లారీలు మారేసరికి నోరు తెరుస్తుంది. పిన్ని కుట్టిన మూట ఏట్లో పడి మూడురోజులు తేలినా కుట్టు వదల్లేదని టైపు మిషన్ల వాళ్ళు చెబుతారు. టైపు మిషన్ల వాళ్ళ మాటల్లో సగం తీసేసి వినాలనుకోండి, తీసేసినా మిగిలిన సగం నిజమే.

ఆవిడది పుర్రచెయ్యి. అందరి కుట్టూ కుడికి వాలితే ఆవిడ కుట్టు ఎడమకి వాలుతుంది. మొగుడు పోయిన ఏడాదే అత్తగారు దబ్బనం చేతిలో పెట్టి, ఆ చేతిని మార్చుకోమని ఒక్కనాడూ అనలేదు. "ఏ చేత్తో కుడితేనేం, కడుపు నిండేది ఒకటేగా" అనేది. మాటల్లో పొదుపు మనిషి. పిన్నికి ఆవిడ నేర్పిన సూత్రాలు రెండే.

"ఒంటికి పడ్డ గాయం మానుతుందే, గుడ్డకి పడ్డ కన్నం మానదు. విప్పి మళ్ళీ కుట్టాల్సి వస్తే దబ్బనం పాత కన్నాల్లోంచే పోవాలి. ఒక్క కన్నం ఎక్కువైనా నీ చేతకానితనం ఊరంతా చూస్తుంది." ఇది మొదటిది. రెండోది: "అలాగని అందుకునేవాడిని మోసం చెయ్యకూడదు. రెండోసారి కుట్టిన మూటకి చివర, మడత లోపల, రెండు ముళ్ళు వెయ్యి. తెలిసినవాడు తడిమి తెలుసుకుంటాడు." ఆ తెలిసినవాళ్ళంతా ఒక్కొక్కరే పోయారు. ఇప్పుడు ఆ రెండో ముడి సంగతి తెలిసిన మనిషి భూమ్మీద పిన్ని ఒక్కతే. అయినా వేస్తూనే ఉంది. అలవాటు అలాంటిది.

కోర్టుకి ఎదురు వీధిలో పోలీసు స్టేషను. అక్కడ కాగితాలన్నీ రాసే రైటరు నలభై దాటినవాడు, ఉతికి ఇస్త్రీ చేసిన మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎవరినీ 'ఒరే' అనడు. సోదాల్లో పట్టుకున్న సామాను పరీక్షకి పంపాలంటే గుడ్డలో కుట్టించి, కుట్టు మీద లక్క ముద్రలు వెయ్యాలి. ఆ కుట్టు పని పిన్నిది, లక్క పని ఆయనది. కొట్టే పోలీసుని చూసి పిన్ని ఎప్పుడూ భయపడలేదు. ఈ నవ్వే పోలీసు వస్తున్నాడంటే మాత్రం కాళ్ళు దగ్గరికి ముడుచుకునేది. ఎందుకో ఆవిడకే తెలియదు, మనకి మాత్రం ఏం తెలుస్తుంది?

రెండేళ్ళ కిందట, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, ఆయన పిడికెడు పొట్లం ఒకటి తెచ్చాడు. మత్తుమందు, టాక్సీలో దొరికిందన్నాడు. ఆవిడ జానెడు గుడ్డ చింపబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అది చాలదు పిన్నీ. మూర పైగా చింపు. వదులుగా కుట్టు."

"ఇంత పొట్లానికి అంత గుడ్డెందుకు బాబూ? చిట్టెలుకకి దుప్పటి కప్పినట్టుంటుంది."

"పెరిగే పిల్లాడికి చొక్కా కాస్త వదులుగానే కుట్టిస్తాం కదా" అన్నాడు ఆయన నవ్వుతూ.

పిన్ని కూడా నవ్వింది. ఆ నవ్వు తలుచుకుని తర్వాత ఎన్ని రోజులు కుమిలిపోయిందో చెప్పలేను.

పదకొండు రోజుల తర్వాత అదే గుడ్డ మళ్ళీ వచ్చింది. స్టేషన్లో ఎలుకలు కొట్టాయి, ముద్రలు ఊడిపోయాయి, కాస్త కుట్టిపెట్టమన్నాడు. ఎలుక కొట్టిన గుడ్డ ఎలా ఉంటుందో పిన్నికి తెలియంది కాదు. గుడ్డకి ఎక్కడా పంటిగాటు లేదు. కుట్టు ఎవరో కత్తెరతో నీటుగా కోశారు. లోపల ఇప్పుడు నిండుగా, దిండులా ఏదో ఉంది. ఒళ్ళో పెట్టుకుంటే తొడ నొక్కుకుపోయింది. అడగాలనిపించింది. పోలీసుల పని పోలీసులది, మన పని మనది అనుకుని దబ్బనం తీసింది.

ఇక్కడే ఆవిడ చేసిన తప్పు ఉంది. ఇంకెవరైనా అయితే గబగబా నాలుగు పోట్లు పొడిచి ఇచ్చేసేవారు. గుడ్డ నిండా కొత్త కన్నాలు పడేవి, చిన్నపిల్లాడు చూసినా ఇది విప్పి కుట్టిన మూట అని చెప్పేసేవాడు. పిన్నికి అది చేతకాదు. గుడ్డని వెలుతురుకి ఎత్తి పట్టి, ఒక్కో కన్నం వెతుక్కుంటూ, మొదటిసారి వెళ్ళిన దారినే దారాన్ని మళ్ళీ నడిపించింది. చివర మడతలో అలవాటుగా రెండు ముళ్ళు వేసింది. రైటరు ఆ కుట్టుని భూతద్దం పెట్టి చూశాడు.

"నీ చేతికి బంగారు కడియం తొడగాలి పిన్నీ. అసలు విప్పినట్టే లేదు" అన్నాడు.

ఆ పొగడ్తకి ఆవిడ రెండు రోజులు నేల మీద నడవలేదు. పనిమంతురాలికి పొగడ్త కంటే తీపి ఏముంది? పొగిడింది ఎవరు, ఎందుకు అని అడగడం అప్పుడు తోచలేదు.

ఏడాది దాటాక ఒక అమ్మాయి ఆవిడ దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చేది. ఇస్త్రీ దుకాణంలో పని, ముంజేతుల మీద కాలిన మచ్చలు. రెండు బనీన్లు, సబ్బు, పళ్ళపొడి, ఒక ఉత్తరం. దూరంగా ఉన్న జైలుకి వెళ్ళే పార్శిలు. జైలు వాళ్ళు గుడ్డలో కుట్టింది తప్ప తీసుకోరట. మూడు నెలల పాటు పిన్ని ఏమీ అడగలేదు. కోర్టు గోడ పక్కన బతికేవాళ్ళు అడగరు. నాలుగో నెలలో ఊరికే, దారానికి మైనం రాస్తూ అడిగింది.

"ఎన్నాళ్ళమ్మా?"

"పదేళ్ళు పిన్నీ."

"ఏం చేశాడేమిటి?"

"టాక్సీ తోలేవాడు. ఎవరో ఎక్కి, దిగేటప్పుడు సీటు కింద పొట్లం వదిలేసి పోయాడు. పోలీసులు ఆపారు, దొరికింది. పిడికెడే ఉంది అని ఈయన ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. పిడికెడైతే ఆరు నెలల్లో ఇంటికొచ్చేసేవాడంట. కోర్టులో తూస్తే మూడు కిలోలు వచ్చింది."

పిన్ని మైనం పక్కన పెట్టి దబ్బనం అందుకుంది.

"మా వకీలమ్మ గట్టిగానే వాదించింది. మూట పదకొండు రోజులు స్టేషన్లోనే ఉంది, మధ్యలో విప్పి కలిపారని. జడ్జిగారు మూట తెప్పించుకుని చూశారంట. ఒక్క కన్నం తేడా లేదు, దీన్ని ఎవరూ విప్పలేదు అని తీర్పులో రాసేశారు." ఆ అమ్మాయి ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "ఎవరు కుట్టారో ఆ మహాతల్లి. కాస్త చెడగొట్టి కుట్టినా మా ఆయన ఇంట్లో ఉండేవాడు."

దబ్బనం వేల్లో దిగింది. ఇరవై రెండేళ్ళలో అలా గుచ్చుకోవడం అదే మొదలు. పిన్ని వేలు నోట్లో పెట్టుకుంది. ఆ మూట కుట్టి ఇచ్చాక డబ్బు వద్దంటే అమ్మాయి వింతగా చూసింది.

ఆ తర్వాత రెండు నెలలు ఆవిడ తేలు కుట్టిన దొంగలా గడిపింది. చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణం ఇరవై నాలుగేళ్ళ కొడుకు. లారీ బుకింగ్ ఆఫీసులో సరుకు లెక్కచూసే పని వాడిది. ఒక్కగానొక్కడు, నోరు మంచిది, లోకజ్ఞానం తక్కువ. ఎవరు నవ్వితే వాళ్ళని నమ్మేస్తాడు. పోలీసుతో పెట్టుకుంటే ఆ దెబ్బ ఎక్కడ తగులుతుందో పిన్నికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ ఆ గోడ పక్కన కూర్చుని చూసినన్ని కేసులు చిన్న వకీళ్ళు కూడా చూసి ఉండరు.

తర్వాతి నెల అమ్మాయి కొత్త చొక్కా ఒకటి తెచ్చింది. మడత విప్పి భుజాలు కొలిచి చూసుకుంటూ అంది: "ఈసారి ఒక సైజు తగ్గించి కొన్నాను పిన్నీ. బాగా చిక్కిపోయాడు."

మూట పెరిగింది, మనిషి తరిగిపోతున్నాడు. ఇక పిన్నికి ఆ గుడ్డ మీద ఒక్క పోటు కూడా పడలేదు. దబ్బనం మైనం ముద్దలో గుచ్చి లేచింది.

వకీలమ్మ గది మెట్ల కింద, కాగితాల కట్టల మధ్య మనిషి కూర్చునేంత ఖాళీ. పిన్ని తలుపు దగ్గర నిలబడే మొత్తం చెప్పేసింది. పెద్ద గుడ్డ, పదకొండు రోజులు, కత్తెర కోత, పాత కన్నాలు, మడతలో రెండు ముళ్ళు. వకీలమ్మ కుర్చీలోంచి లేచిన తీరుకి టీ కప్పు ఒలికి రెండు ఫైళ్ళు తడిశాయి. అప్పీలు పై కోర్టులో ఉందట. అక్కడ పై కోర్టంటే నిజంగానే పై అంతస్తు, అదే భవనం, అవే మెట్లు, జడ్జి వేరు. మూట మళ్ళీ తెప్పించి ఆ ముళ్ళు చూడమని అర్జీ వేస్తానంది. పది రోజుల్లో వాయిదా.

"నా పేరు బయటికి రాకుండా ఉంటుందా అమ్మా?"

వకీలమ్మ తల దించుకుంది. "అర్జీ కాపీ అవతలి వాళ్ళకీ ఇవ్వాలి పిన్నీ. అది పద్ధతి."

పిన్నికి చట్టం తెలియదు గానీ ఎదురు వీధి తెలుసు. మెట్లు దిగడం మొదలుపెట్టింది. వెనక్కి వెళ్ళి వద్దని చెప్పొచ్చు. రెండుసార్లు ఆగింది. వెళ్ళలేదు.

నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం రైటరు వచ్చాడు. చేతిలో కాన్వాసు సంచి. గిరాకీ కూర్చునే ముక్కాలి పీట లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. సంచిలోంచి తీసింది ఆ మూటే. కోర్టు సామాన్ల గదిలో తాళం వేసి ఉండాల్సిన మూట ఈయన చేతిలోకి ఎలా వచ్చిందో పిన్ని అడగలేదు.

"పాపం ఎలుకలు, మళ్ళీ కొట్టాయి" అన్నాడు. "ఎప్పట్లాగే కుట్టిపెట్టు. ఒక్క ముడి చాలు పిన్నీ. దారం వృథా చెయ్యకు."

పిన్ని మూటని ముట్టుకోలేదు. రైటరు పీట ఇంకాస్త ముందుకి జరుపుకున్నాడు.

"మీవాడు ఎలా ఉన్నాడు? నిన్న బుకింగ్ ఆఫీసు వైపు వెళ్ళాను. మంచి పిల్లాడు, టీ తాగి వెళ్ళమన్నాడు. సంచి మాత్రం అలా మేకుకి తగిలించి వదిలేస్తాడేమిటి? వందమంది తిరిగే చోటు. ఎవరైనా ఏదైనా పెడితే ఏం చెప్పుకుంటాడు? నువ్వు చెప్పు కాస్త."

ఎంత ప్రేమగా అన్నాడంటే, పక్కనున్న స్టాంపు కాగితాల ఆయన కూడా "నిజమే నిజమే" అని తలూపాడు. పిన్ని పరిస్థితి అడకత్తెరలో పోకచెక్క అయింది. కుడితే ఆ టాక్సీ అతను జైల్లోనే ముసలివాడవుతాడు. కుట్టకపోతే కొడుకు. మూట ఒళ్ళోకి తీసుకుంది.

పాత దారం లాగేసి, అంచులు మడిచింది. మడుస్తున్నప్పుడు చెయ్యి ఒక నూలు వాసి లోపలికి జరిగింది. కావాలనే జరిపింది. ఇప్పుడు పాత కన్నాల వరస కుట్టుకి బయట పడింది, చీమల బారులాగ. ఆ బారు మీద మైనం ముద్దతో గట్టిగా రుద్దింది. గుడ్డ బిగుస్తుందని పార్శిళ్ళ వాళ్ళు చేసే పనే అది, ఎవరికీ వింతగా ఉండదు. కన్నాలు మూసుకుపోయాయి. వాటి పక్కన కొత్తగా పొడిచింది. ప్రతి పోటుకీ ఆవిడ ప్రాణం విలవిల్లాడింది. అత్తగారు చూస్తే చెయ్యి విరగ్గొట్టేది. పుట్టి బుద్ధెరిగాక బుద్ధిపూర్వకంగా చేసిన మొదటి చెడ్డ పని అది, అదే ఆవిడ చేసిన అన్నిటికంటే మంచి పని. చివర ఒక్కటే ముడి వేసింది.

రైటరు భూతద్దం తీసి ముడి వంకే చూశాడు. మడత విప్పి చూశాడు, మళ్ళీ మూసి చూశాడు. తృప్తిగా సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాటి నుంచి పిన్నికి ఇంకో పని పట్టుకుంది. కొడుకు ఆఫీసుకి బయల్దేరేముందు వాడి సంచి లాక్కుని, లోపల వానకోటూ మార్చుకునే చొక్కా పెట్టి, మూతి కుట్టేసేది. సాయంత్రం తనే విప్పేది. అన్నం డబ్బా చేత్తో పట్టుకుపొమ్మనేది.

"నిన్న తడిసి ముద్దయ్యానే అమ్మా! వానకోటు సంచిలో, సంచికి కుట్టు. ఆఫీసులో అందరూ నన్ను పార్శిల్ బాబు అంటున్నారు."

"అననీ. తడిస్తే ఆరుతావు" అంది పిన్ని. అంతకంటే చెబితే వాడు భయపడతాడని చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది.

ఆ వారంలోనే ఒక ఉదయం ఆవిడ గుమ్మంలో కూర్చుని సంచి కుడుతుంటే వీధిలోంచి రైటరు పోతూ ఆగాడు. ఆ వీధిలో ఆయనకి ఏం పనో మరి. "మంచి పని చేస్తున్నావు పిన్నీ. కుట్టి ఉంటే ఎవరూ ఏమీ పెట్టలేదని రుజువు" అని నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాటలో ఏదో ఉందని ఆవిడకి తట్టింది. పట్టుకుందామంటే దొరకలేదు. రోజంతా అది పంట్లో ఇరుక్కున్న పీచులా వేధించింది.

వాయిదా రోజున పై అంతస్తు హాలు కిక్కిరిసి ఉంది. ఇస్త్రీ అమ్మాయి ముందు బెంచీ చివర కూర్చుంది. పిన్ని గోడకానుకుని నిలబడింది. రైటరు అవతలి గుమ్మం దగ్గర, చేతులు కట్టుకుని, వినయానికి బట్టలు తొడిగినట్టు నిలబడ్డాడు. జడ్జిగారు పెద్దాయన, మాటలు తక్కువ. మూట తెప్పించి బల్ల మీద పెట్టించి, కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తి, మడత తెరిచి చూశారు.

"రెండు ముళ్ళు అన్నారు. ఇక్కడ ఒకటే ఉంది."

వకీలమ్మ మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి పిన్ని వంక చూసింది. ఆ చూపులో కోపం కంటే జాలి ఎక్కువ ఉంది. పిన్ని ఆవిడకి మూడో కుట్టు సంగతి చెప్పలేదు. చెబితే మళ్ళీ కాగితం మీద పెడుతుంది, కాగితం మళ్ళీ ఎదురు వీధికి పోతుంది.

"కుట్టులో కూడా నాకు తేడా ఏమీ కనిపించడం లేదు" అని జడ్జిగారు కలం అందుకున్నారు.

రైటరు పిన్ని వైపే చూస్తున్నాడు. ఆ చూపు ఆవిడని గోడకి మేకు వేసి బిగించినట్టుంది. నోరు మూసుకుంటే చాలు. సాయంత్రం కొడుకు ఇంటికొస్తాడు, సంచి విప్పుతుంది, అన్నం పెడుతుంది. ఎవరి ఖర్మ వాళ్ళది. ముందు బెంచీ చివర ఆ అమ్మాయి ఏడవడం కూడా మానేసి, కాలిన చేతులు ఒళ్ళో పెట్టుకుని, జడ్జిగారి కలం వైపే చూస్తోంది. పిన్ని ఆ చేతులు చూసింది. చూడకుండా ఉంటే ఏమయ్యేదో.

"అయ్యా, దాన్ని వేలితో రుద్దండి" అంది.

హాలంతా తిరిగి చూసింది. బంట్రోతు కసిరాడు. జడ్జిగారు చెయ్యెత్తి ఆపారు.

"కుట్టు పక్కన అయ్యా. మైనం ఉంది. గోటితో గీకండి."

జడ్జిగారు ఒక్క క్షణం ఆవిడని చూసి, బొటనవేలి గోటితో గుడ్డని గీకారు. మైనం పొరలు పొరలుగా లేచింది. కింద ఒక కన్నం, దాని పక్కన ఇంకోటి. ఆయన మూటని కిటికీ వైపు ఎత్తి పట్టుకున్నారు. కుట్టుకి పక్కగా, ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఖాళీ కన్నాల బారు వెలుతురులో మెరిసింది. వెనక బెంచీ వాళ్ళకి కూడా కనపడింది.

"ఇది ఎవరు కుట్టారు?"

"నేనేనండి. మూడుసార్లు. మొదటిసారి పిడికెడు పొట్లం, రెండోసారి దిండంత మూట. మూడోసారి పోయిన వారం, ఒక ముడి తగ్గించడానికి. ఎవరు కుట్టించారో కూడా చెబుతాను. తప్పు నాది కూడా ఉంది, దాన్ని కూడా రాసుకోండి."

గుమ్మం దగ్గర రైటరు లేడు. ఎప్పుడు కదిలాడో ఎవరూ చూడలేదు. వరండాలో ఆయన ఫోన్లో మాట్లాడుతున్న గొంతు మాత్రం, ఎప్పటిలాగే మెత్తగా, వినపడింది.

రెండు గంటలకి పిన్ని వాంగ్మూలం రాసుకుంటామనీ, అందాకా మూట తన బల్ల మీద నుంచి కదలకూడదనీ, రైటరు హాజరు కావాలనీ చెప్పి జడ్జిగారు భోజనానికి లేచారు. ఇస్త్రీ అమ్మాయి వచ్చి పిన్ని ముందు నిలబడింది. తిడుతుందని పిన్ని అనుకుంది. ఆ అమ్మాయి ఆవిడ ఎడమ చేతిని తన రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయింది.

పిన్ని కిందికి దిగేసరికి గేటు దగ్గర సంచులు సోదా చేస్తున్నారు. మామూలుగా అక్కడ ఉండే ముసలి కానిస్టేబులు లేడు. కొత్తవాళ్ళు ఇద్దరు. ఒకడి చేతిలో కత్తెర, ఇంకొకడి చేతిలో ఫోను, దేన్నో వీడియో తీయడానికి సిద్ధంగా పట్టుకుని. పక్కన సాక్షి సంతకాల కోసమన్నట్టు ఊరికే నిలబడ్డ మనుషులు ఇద్దరు. వాళ్ళందరి మధ్యలో కొడుకు, చంకన సంచితో.

"అమ్మా! నీకేం కాలేదుగా?" వాడి మొహంలో ఏడుపూ నవ్వూ కలిసిపోయాయి. "కోర్టులో కళ్ళు తిరిగి పడిపోయావని ఆఫీసుకి ఫోను వచ్చింది. సంచి కూడా తీసుకుని వెంటనే రమ్మన్నారు."

"సంచెందుకు తెమ్మన్నారు?" అంది పిన్ని. ఎవరినీ అడిగినట్టు కాదు.

కత్తెర పట్టుకున్నవాడు సంచి అందుకోబోతూ, ఫోను వైపు వినపడేలా అడిగాడు. "కుట్టి ఉందే. ఎవరు కుట్టారు?"

"మా అమ్మే సార్, రోజూ తనే కుడుతుంది. నేను కూడా విప్పను" అన్నాడు కొడుకు, కాస్త గర్వంగానే.

కుట్టి ఉంటే ఎవరూ ఏమీ పెట్టలేదని రుజువు. అంటే లోపల ఏం దొరికినా అది కొడుకుదే అవుతుంది. పంట్లో పీచు ఊడి వచ్చింది. పిన్ని సంచి మూతి వంక చూసింది. పొద్దున తను కుట్టిన దారంలాంటి దారమే. పొద్దున తను వేసినన్ని పోట్లే. కానీ పోట్లన్నీ కుడికి వాలి ఉన్నాయి. వాటి పక్కన, మూసేవాళ్ళు లేక, ఆవిడ పొద్దుటి కన్నాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

కత్తెర కుట్టు దాకా వచ్చింది. పిన్ని సంచిని లాక్కుని గుండెలకి అదుముకుంది. అది పొద్దుటికంటే బరువుగా ఉంది.

"విప్పొద్దు! ఒక్క పోటు తెగిందంటే ఊరుకోను!" ఆవిడ అరవడం ఆ గోడ పక్కన ఎవరూ ఎప్పుడూ వినలేదు. టైపు మిషన్లు ఆగిపోయాయి. స్టాంపు కాగితాల ఆయన లేచి వచ్చాడు. మెట్ల మీద నుంచి వకీలమ్మ, ఆమె వెనక భోజనానికి దిగుతున్న నల్లకోట్లు పదిమంది. "ఇది జడ్జిగారి ముందే విప్పాలి. మీరూ రండి బాబూ, వీడియో అక్కడ తీసుకోండి."

కత్తెరవాడు అంతమంది నల్లకోట్లని చూసి ఎదురు వీధి వైపు చూశాడు. ఎదురు వీధిలో ఎవరూ కనిపించలేదు. ఆవిడ మెట్లెక్కింది. కొడుకు వెనకే వచ్చాడు, ఏం జరుగుతోందో తెలియక అమ్మ కొంగు పట్టుకుని, ఇరవై నాలుగేళ్ళవాడు.

రెండు కొట్టే దాకా ఆవిడ ఆ హాల్లో సంచిని ఒళ్ళోంచి దించలేదు. మంచినీళ్ళిస్తే తాగలేదు. జడ్జిగారు వచ్చి కూర్చున్నాక లేచి, బల్ల దగ్గరికి నడిచి, మూట పక్కన సంచిని పెట్టింది. రెండు కుట్లూ పక్కపక్కన ఉన్నాయి, ఒకటి ఎడమకి వాలి, ఒకటి కుడికి వాలి.

"అయ్యా, ఆ మూట నేను కుట్టింది" అంది పిన్ని. "ఈ సంచి నా కొడుకుది. దీని మీద ఉన్న కుట్టు నాది కాదు."